మాంట్ బ్లాంక్ చుట్టూ సైకిల్ మీద: కొండ ఏ చేతివైపు ఉండాలి?

గిరి ప్రదక్షిణకు వెళ్లేవాళ్లకు దిశ గురించి అనుమానమే రాదు. అరుణాచలంలో 14 కిలోమీటర్లు తిరిగినా, ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచినా కొండ కుడిచేతి వైపే ఉండాలి. మాంట్ బ్లాంక్ దగ్గర ఇది తారుమారవుతుంది. ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మూడు దేశాల మీదుగా ఆ పర్వత శ్రేణిని చుట్టివచ్చే దారి సుమారు 170 కిలోమీటర్లు. నడిచేవాళ్లలో ఎక్కువమంది దాన్ని అపసవ్య దిశలో, అంటే కొండను ఎడమచేతి వైపు ఉంచుకుని చుట్టివస్తారు. ఏటా ఆగస్టు చివర్లో ఫ్రాన్స్ వైపున్న షమోనీ పట్టణం నుంచి మొదలయ్యే పెద్ద పరుగు పందెం కూడా అటే వెళ్తుంది. గైడ్ పుస్తకాలు, దారి వివరాలు, రోజుకు ఎంత నడవాలన్న లెక్కలు దాదాపు అన్నీ ఆ వరుసలోనే రాసి ఉంటాయి.

ఆ దారినే మౌంటెన్ బైక్ మీద నాలుగైదు రోజుల్లో చుట్టాలనుకునేవాళ్లు సాధారణంగా చేసే పని, నడిచేవాళ్ల వరుసనే తెచ్చుకుని రోజుల సంఖ్యను సగం చేసుకోవడం. జెనీవా నుంచి షమోనీ రోడ్డు మీద గంటంబావు ప్రయాణం. యూరప్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లు కూడా ఈ మధ్య ఇలాంటి యాత్రల మీద మనసు పెడుతున్నారు. అందుకే ఈ విషయం కాస్త నిదానంగా చూడాలి. నడకకు సరిపడిన దిశ సైకిల్‌కూ సరిపోవచ్చు, కానీ ఆ రెండిటికీ కారణాలు వేరు. కారణం తెలియకుండా దిశను ఎంచుకున్నవాళ్లకు దారిలో ఎక్కడ కష్టం వస్తుందో, ఎక్కడ సుఖం దొరుకుతుందో ముందే అంచనా ఉండదు.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. "ఇటు వెళ్తే ఎక్కుడు తక్కువట" అనే మాట తరచూ వినిపిస్తుంది. బయల్దేరిన చోటికే తిరిగి చేరే దారిలో అలా జరగదు. పూర్తి నడక దారి మీద ఎక్కాల్సిన మొత్తం ఎత్తు దాదాపు 10,000 మీటర్లు, దిగాల్సిందీ అంతే. ఎటు తిరిగినా ఆ అంకె మారదు. ఆ ఎత్తులో ఎంత భాగం జీను మీద కూర్చుని ఎక్కగలం, ఎంత భాగం సైకిల్‌ను నెట్టుకుంటూ ఎక్కాలి, దిగేటప్పుడు ఎంతసేపు నిజంగా సైకిల్ తొక్కుతాం అనేవే మారతాయి.

నడిచే మనిషికి వాలు ఎంత ఉన్నా అడుగు అడుగే, కాస్త నెమ్మదిస్తాడు, అంతే. సైకిల్‌కు మాత్రం ఒక గీత ఉంటుంది. సామాను కట్టిన సైకిల్ మీద మామూలు శక్తి ఉన్న మనిషి మట్టిదారిలో నూటికి పది, పన్నెండు వాలు దాకా గంటల తరబడి తొక్కగలడు. అది దాటి, రాళ్లూ వేర్లూ తోడైతే దిగి నెట్టాల్సిందే. అలాగే దిగేటప్పుడు కూడా ఒక గీత ఉంది. అది కాలి బలాన్ని బట్టి ఉండదు, చేతి నేర్పును బట్టి ఉంటుంది. అందుకే కొండదారిలో ప్రతి ముక్కనూ రెండు ప్రశ్నలతో చూడాలి. దీన్ని ఎక్కుతూ తొక్కగలమా? దిగుతూ తొక్కగలమా? రెండిటికీ అవుననే జవాబు వచ్చే చోట దిశతో పెద్దగా పని లేదు. దిగుతూ మాత్రమే తొక్కగలిగే చోట్లే దిశను తేలుస్తాయి. ఎటూ తొక్కలేని చోటు ఉందనుకోండి, అక్కడ మూడో ప్రశ్న వస్తుంది: దీన్ని మోసుకుంటూ ఎక్కడం నయమా, మోసుకుంటూ దిగడం నయమా?

ఈ లెక్కకు గ్రాండ్ కొల్ ఫెరే అనే కనుమను మించిన ఉదాహరణ లేదు. 2,537 మీటర్ల ఎత్తున్న ఈ కనుమ ఇటలీకీ స్విట్జర్లాండ్‌కూ సరిహద్దు. ఇటలీ వైపు 2,062 మీటర్ల దగ్గర ఎలెనా అనే కొండ బస ఉంది. అక్కడి దాకా జీపు వెళ్లే మట్టిరోడ్డు ఉంది కాబట్టి చిన్న గేరులో తొక్కుకుంటూ వెళ్లవచ్చు. ఎలెనా దాటాక కనుమ దాకా 475 మీటర్ల ఎత్తును సుమారు రెండున్నర కిలోమీటర్లలో ఎక్కాలి. అంటే సగటున నూటికి 19 వాలు. ఆ కాలిబాట వానలకు కోసుకుపోయి, గాడులు పడి ఉంటుంది. సామానుతో ఉన్న సైకిల్‌ను నెట్టుకుంటూ గంటకు 300 మీటర్ల ఎత్తు ఎక్కితే మంచి వేగమే. ఆ లెక్కన గంటన్నరకు పైగా పడుతుంది.

అవతల స్విట్జర్లాండ్ వైపు కథ పూర్తిగా వేరు. కనుమ నుంచి లా ఫూలీ గ్రామం (1,600 మీటర్లు) దాకా 937 మీటర్ల దిగుడు, సుమారు తొమ్మిది కిలోమీటర్ల మీద పరుచుకుని ఉంది. సగటు వాలు నూటికి పది. పైభాగం పచ్చిక వాలు మీద మెలికలు తిరుగుతూ సాగే సన్నని బాట. దాని కింద లా పెల్ అనే పశువుల మకాం, అక్కడి నుంచి మట్టిరోడ్డు, ఆఖర్న తారురోడ్డు. ఈ చుట్టులో సైకిల్‌కు దొరికే అతి మంచి దిగుడు ఇదేనని తిరిగొచ్చినవాళ్లలో చాలామంది అంటారు. దారి స్వభావం చూస్తే ఆ మాటలో అతిశయం కనిపించదు.

ఇప్పుడు రెండు దిశలనూ పక్కపక్కన పెట్టి చూడండి. అపసవ్య దిశలో వెళ్తే నిటారు వైపు గంటన్నర నెట్టి, నెమ్మది వైపు గంటలోపు హాయిగా దిగుతారు. సవ్య దిశలో వెళ్తే నెమ్మది వైపు రెండున్నర, మూడు గంటలు ఎక్కుతారు. అందులో చాలా భాగం తొక్కగలిగిందే, పైన కొంత మాత్రం నెట్టుడు. ఆ తర్వాత ఎలెనా వైపు దిగాలి. అక్కడే మనిషికీ మనిషికీ తేడా కనబడుతుంది. బ్రేక్ లీవర్ల మీద చూపుడు వేళ్లు ఆనించి, ఒళ్లు జీను వెనక్కి పెట్టి, గాడి అంచు మీద ముందుచక్రాన్ని నిలపగలిగినవాడికి అది మరపురాని దిగుడు. ఆ నేర్పు లేనివాడు ప్రతి మలుపు దగ్గరా వెనకచక్రం జారుతుంటే ఒక కాలు కింద పెడతాడు. బ్రేక్ డిస్క్ నుంచి కాలిన వాసన రావడం మొదలయ్యాక దిగి నడుస్తాడు. ఎక్కేటప్పుడు చెమటోడ్చి సంపాదించిన ఎత్తును దిగేటప్పుడు కాలినడకన ఖర్చు చేసినట్టవుతుంది. చక్రం లాక్ అయి జారిన ప్రతిసారీ ఆ బాట ఇంకొంచెం కోసుకుపోతుంది. ఆ బాటను నడిచేవాళ్లూ, పశువులూ కూడా వాడుకుంటారు. ఈ సంగతి మరచిపోకూడదు.

నెట్టుకుంటూ ఎక్కడాన్ని ఓటమిలా చూసే అలవాటు చాలామందిలో ఉంది. నిజానికి ఎటూ తొక్కలేని నిటారు వాలును ఎక్కుడులో పెట్టుకోవడమే తెలివైన పని. ఎక్కేటప్పుడు సైకిల్ మనకు ముందుంటుంది, జారినా మోకాలి మీద పడతాం. దిగేటప్పుడు పదిహేను కిలోల బరువు ముందుకు లాగుతుంటుంది, అరికాలు రాయి మీద నిలవదు, మోకాళ్లు అరిగిపోతున్నట్టు ఉంటుంది. జూన్‌లోనూ జులై మొదట్లోనూ ఎత్తైన కనుమల ఉత్తరపు వాలుల్లో మంచు మిగిలి ఉన్నప్పుడు ఈ తేడా మరీ పెద్దది. గట్టిపడిన మంచు మీద బూటు మొనతో మెట్టు పొడుచుకుంటూ ఎక్కవచ్చు. అదే చోట సైకిల్ పట్టుకుని దిగడం ప్రమాదం.

ఇటలీకీ ఫ్రాన్స్‌కూ మధ్య ఉన్న కొల్ ద లా సేన్య (2,516 మీటర్లు) ఇంత స్పష్టంగా తీర్పు చెప్పదు. కూర్మయ్యోర్ పట్టణం (1,224 మీటర్లు) నుంచి సవ్య దిశలో ఎక్కితే వాల్ వెనీ లోయలో ముందు తారురోడ్డు, కొంబాల్ సరస్సు దాటాక మట్టిరోడ్డు. ఎలిసబెత్తా బస కింది దాకా దాదాపు అంతా తొక్కగలిగిందే. అపసవ్య దిశలో అయితే ఫ్రాన్స్ వైపు లే షపియూ నుంచి విల్ దే గ్లాసియే దాకా రోడ్డు, తర్వాత మొత్తే బస నుంచి కనుమ దాకా 650 మీటర్ల మెలికల బాట. అందులో ఎక్కువ భాగం నెట్టుడే. ఎక్కుడు ఒక్కటే చూస్తే సవ్య దిశదే పైచేయి. దిగుడు చూస్తే ఇటలీ వైపు పైభాగం చాలా బాగుంటుంది కానీ కింద సగం రోడ్డు పాలవుతుంది. ఫ్రాన్స్ వైపు మెలికల బాట దిగుడుగా పొడవు తక్కువైనా సైకిల్ నేర్పున్నవాళ్లకు నచ్చుతుంది. ఇక్కడ సవ్య దిశకు కాస్త మొగ్గు ఉందనడం న్యాయం.

నైరుతి మూలలో ఉన్న బొనోమ్ కనుమ (2,329 మీటర్లు), దాని పైన ఉన్న క్రువా దు బొనోమ్ ఏ దిశలోనూ సైకిల్‌ను కరుణించవు. నోత్ర్ దామ్ ద లా గోర్జ్ దగ్గర మొదలయ్యే రాళ్లు పరిచిన పాత రోమన్ దారే చెమటలు పట్టిస్తుంది. పైన రెండు కనుమల మధ్య ఉన్న రాతి బాట మీద సైకిల్ చాలాసేపు భుజం మీదే ఉంటుంది. పైగా కొంతామీన్ వైపు ఉన్నది ప్రకృతి రక్షిత ప్రాంతం. అక్కడ సైకిళ్లకు నియమాలున్నాయి, ఆ ఏడాది ఏం అనుమతిస్తున్నారో చూసుకునే వెళ్లాలి. అందుకే చాలామంది సైకిల్‌వాళ్లు ఈ మూలను వదిలి కొల్ దు జోలీ (1,989 మీటర్లు), బొఫోర్తాఁ లోయ, కోర్మే ద రొజలాఁ మీదుగా చుట్టుతిరిగి లే షపియూ చేరతారు. దూరం పెరుగుతుంది కానీ సైకిల్ కింద చక్రాలే తిరుగుతాయి. ఈ చుట్టుదారిలో దిశ ప్రభావం బాగా కనబడుతుంది. జోలీ కనుమకు ఓత్లూస్ వైపు నుంచి తారురోడ్డు ఉంది, కొంతామీన్ వైపున్నది స్కీ వాలుల మట్టిదారి. సవ్య దిశలో వస్తే తారు మీద ఎక్కి మట్టి మీద దిగుతారు. మౌంటెన్ బైక్‌కు కావలసింది అదే. అపసవ్య దిశలో మట్టి మీద నెట్టుకుంటూ ఎక్కి, ఆ ఎత్తంతా తారురోడ్డు మీద గాలికి వదిలేస్తారు.

తూర్పున షాంపే సరస్సుకూ ఫొర్క్లాజ్ కనుమకూ మధ్య ఉన్న బొవీన్ బాటలో వేర్లూ పెద్ద రాళ్లూ ఎక్కువ. బండి బాగా తేలికగా ఉంటే తప్ప ఎటు నుంచీ సలహా ఇవ్వదగ్గది కాదు. కిందికి దిగి మార్తిన్యీ వైపు రోడ్డు పట్టుకుంటే పోతుంది.

లిఫ్టుల లెక్కను చాలామంది చివర్లో చూస్తారు, మొదటే చూడాల్సింది. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దున ఉన్న బాల్మ్ కనుమ సుమారు 2,200 మీటర్ల ఎత్తు. లిఫ్టులు ఉన్నది ఫ్రాన్స్ వైపు, లె తూర్ గ్రామం నుంచి. స్విట్జర్లాండ్‌లోని త్రియాన్ వైపు అడవిలోంచి 900 మీటర్ల ఎత్తు సొంత కాళ్ల మీదే ఎక్కాలి. అంటే బాల్మ్ లిఫ్టు సవ్య దిశలో వచ్చేవాళ్లకే సాయం. అటు షమోనీ లోయలోనే ఉన్న లే జూష్ ఊరి నుంచి 1,800 మీటర్ల ఎత్తులో ఉన్న బెల్‌వ్యూకు వెళ్లే కేబుల్ కార్ అపసవ్య దిశలో బయల్దేరినవాళ్లకు సాయం. ఒక రోజంతా వానలో తడిసి, మర్నాడు కాళ్లు లేవనప్పుడు ఏడెనిమిది వందల మీటర్ల ఎత్తు టికెట్టుతో దాటడం చిన్న విషయం కాదు. అయితే ఆ వేసవిలో లిఫ్టు నడుస్తోందా, సైకిల్ ఎక్కించుకుంటారా అన్నది ముందే తెలుసుకోవాలి. జులై, ఆగస్టు నెలల్లో షమోనీ లోయలో చాలా కాలిదారుల మీద సైకిళ్లకు ఆంక్షలుంటాయి. బాల్మ్ నుంచి అపసవ్య దిశలో దిగేవాళ్లు సైకిళ్లను అనుమతించిన దారిలోనే దిగాలి. ఆ రెండు నెలల్లో ఇష్టమైన బాట పట్టుకునే వీలు ఉండదు.

నెట్టుడు ఎక్కువగా ఉండే యాత్రలో ఇంకో సూక్ష్మం ఉంది. సైకిల్‌ను దాదాపు అందరూ ఎడమ పక్కన నిలబడి నెడతారు. గొలుసు, గేర్లు కుడివైపు ఉంటాయి కాబట్టి పిక్కకు గొలుసు గీసుకోకుండా ఉండటానికి అదే అలవాటైంది. వాలును అడ్డంగా కోసుకుంటూ వెళ్లే సన్నబాట మీద లోయ ఎడమవైపు ఉంటే మనిషి అంచున, సైకిల్ కొండ పక్కన ఉంటాయి. లోయ కుడివైపు ఉంటే మనిషి కొండ పక్కన, సైకిల్ అంచున ఉంటాయి. మాంట్ బ్లాంక్‌ను ఎడమన పెట్టుకుని తిరుగుతున్నాం కదా, లోయ కుడివైపే ఉంటుందనిపిస్తుంది. కానీ కూర్మయ్యోర్ పైన బెర్తోనె, బొనాత్తి బసల మధ్య ఉన్న పేరున్న బాట మాంట్ బ్లాంక్ వాలు మీద లేదు, దానికి ఎదురు వాలు మీద ఉంది. పర్వతాన్ని లోయకు అవతల నిలబెట్టుకుని చూడటానికే అది అలా సాగుతుంది. అందువల్ల అపసవ్య దిశలో అక్కడ కొండ కుడివైపు, లోయ ఎడమవైపు. నెట్టాల్సి వచ్చిన చోట మనిషే అంచున నడుస్తాడు. అలాంటి చోట మనిషి సైకిల్‌కు అటుపక్కకు మారి, గొలుసు ఒరుసుకున్నా సరే, కొండ పక్కన నడవడం మంచిది. తొక్కేటప్పుడు కూడా కొండ పక్క పెడల్ గట్టుకు తగిలితే బండి లోయ వైపు నెట్టుకుంటుంది. ఆ పెడల్‌ను పైన ఉంచి దొర్లడం అలవాటు చేసుకోవాలి.

నడిచేవాళ్ల సంగతి మర్యాదతోపాటు భద్రతకు కూడా సంబంధించింది. వేసవిలో ఈ దారి మీద రోజూ వందలమంది ఉంటారు, ఎక్కువమంది ఒకే వైపు నడుస్తారు. అపసవ్య దిశలో సైకిల్ వాళ్ల వెనక నుంచి వస్తుంది. గాలి చప్పుడులో గంట వినబడదు, భుజం మీద సంచి ఉన్న మనిషి ఉలిక్కిపడి ఎటు జరుగుతాడో తెలియదు. సవ్య దిశలో అందరూ ఎదురొస్తారు, ఒకరికొకరు దూరం నుంచే కనబడతారు. కానీ ప్రతి గుంపునూ ఆగి దారి ఇచ్చి దాటాలి. ఎక్కుతున్న మనిషికి దిగుతున్న సైకిల్ ఆగి దారి ఇవ్వడం కొండల మీద పాత ఆచారం. నడిచేవాళ్లు పొద్దున ఏడెనిమిదింటికి బసల నుంచి కదిలి మధ్యాహ్నానికి కనుమ దాటేస్తారు. వాళ్లకంటే గంట ముందే బయల్దేరడమో, వాళ్లు దిగిపోయాక దిగడమో చేస్తే ఏ దిశలోనైనా ఈ ఇబ్బంది సగానికి సగం తగ్గుతుంది. అయితే మధ్యాహ్నం దాటితే ఆల్ప్స్‌లో ఉరుములు మొదలయ్యే రోజులు చాలా ఉంటాయి. లోహపు సైకిల్ భుజాన వేసుకుని కనుమ మీద ఉండకూడని సమయం అది. కాబట్టి ముందే బయల్దేరడమే ఉన్న దారి.

ఇంతకీ ఏ దిశ? మామూలు నేర్పు, మామూలు శక్తి ఉండి బ్యాటరీ లేని సైకిల్ మీద వెళ్లేవాళ్లకు అపసవ్య దిశే మంచిదని ఈ లెక్కంతా చెబుతుంది. సేన్య, జోలీల దగ్గర కొంత నష్టపోయినా, ఫెరే దగ్గర వచ్చే లాభం దాన్ని మించి ఉంటుంది. నిటారు వాలుల్లో దిగి నడవాల్సిన బాధ తప్పుతుంది. దిగుడులో బాగా చేయి తిరిగినవాళ్లకూ, ఈ-బైక్‌వాళ్లకూ మాత్రం సవ్య దిశ సరైంది. ఈ-బైక్ బరువు 22 నుంచి 25 కిలోలు. ఎలెనా పైన దాన్ని గంటన్నర నెట్టడం నరకం, భుజానికెత్తుకోవడం దాదాపు అసాధ్యం. అదే బండి లా ఫూలీ నుంచి కనుమ కిందిదాకా మోటారు సాయంతో సులభంగా ఎక్కుతుంది.

ఎత్తు గురించి ఇంతవరకు మాట రాకపోవడానికి కారణం ఉంది. ఈ చుట్టులో ఏ కనుమా 2,700 మీటర్లు దాటదు. హిమాలయాల్లో ఇదే ప్రశ్న వేస్తే తీర్పు ఇచ్చేది వాలు కాదు, గాలిలోని ఆక్సిజన్. నేపాల్‌లో అన్నపూర్ణ చుట్టూ సైకిల్ మీద వెళ్లేవాళ్లు కూడా అపసవ్య దిశలోనే వెళ్తారు, కానీ అక్కడి కారణం వేరే. థొరాంగ్ లా కనుమ 5,416 మీటర్లు. మనాంగ్ (సుమారు 3,500 మీటర్లు) వైపు నుంచి ఊళ్లూ బసలూ మెట్లు కట్టినట్టు ఉంటాయి. 3,000 మీటర్లు దాటాక రోజుకు 500 మీటర్లకు మించకుండా పడుకునే ఎత్తు పెంచుకుంటూ, మధ్యలో ఒక రోజు ఆగి, ఒంటిని అలవాటు చేసుకుంటూ పోవచ్చు. అవతలి వైపున్నది ముక్తినాథ్. నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి కాబట్టి తెలుగు యాత్రికులు చాలామందికి ఆ పేరు కొత్త కాదు. ఆ గుడి సుమారు 3,800 మీటర్ల ఎత్తులో ఉంది. అటు నుంచి ఎక్కితే 1,600 మీటర్లు దాదాపు ఒకే రోజులో ఎక్కేయాలి. తలనొప్పి, వాంతులతో మొదలై ప్రాణం మీదికి తెచ్చే జబ్బుకు అది ఎదురెళ్లడమే. అపసవ్య దిశకు ఒక మూల్యం ఉంది, ముక్తినాథ్ దిగాక కాళీగండకి లోయలో పొద్దెక్కాక దక్షిణం నుంచి వీచే పెనుగాలికి ఎదురు తొక్కాలి. ఆ గాలి మనిషిని విసిగిస్తుంది, పై ఎత్తు మనిషిని చంపగలదు. ఆ రెండూ తూకం వేస్తే ఎటు మొగ్గాలో చెప్పనక్కర్లేదు. పొద్దున్నే లేచి ఆ లోయలోని జొమ్సొమ్ ఊరు దాటేస్తే గాలి బాధ కూడా చాలావరకు తప్పుతుంది.

మాంట్ బ్లాంక్ దగ్గర దిశతోపాటు బయల్దేరే ఊరిని కూడా మార్చుకోవచ్చు. చుట్టులో ఎక్కడ మొదలుపెట్టినా చుట్టే. ఉత్తరపు అంచున మార్తిన్యీ, వలోర్సీన్, షమోనీల మీదుగా రైలు నడుస్తుంది. బండి చెడినా, జ్వరం వచ్చినా దిగిపోయి రైలెక్కవచ్చు. లే షపియూ నుంచి కూర్మయ్యోర్ దాకా ఉన్న దక్షిణపు ముక్కలో ఆ ధీమా లేదు. లే జూష్ నుంచి అపసవ్య దిశలో వెళ్తే రెండో రోజే ఆ ముక్కలో ఉంటారు. కట్టిన సామాను ఊగుతోందా, బ్రేక్ ప్యాడ్లు ఎంత వేగంగా అరుగుతున్నాయి అన్నవి ఇంకా తెలియని దశ అది. అపసవ్య దిశే పట్టుకుని షాంపే నుంచి బయల్దేరితే బాల్మ్, షమోనీలు మొదటి రెండు రోజుల్లో వస్తాయి. రైలు అందుబాటులో ఉండగానే బండినీ ఒంటినీ పరీక్షించుకుని దక్షిణానికి దిగవచ్చు. ఫెరే దిగుడు ఆఖరి రోజుకు మిగులుతుంది.

ఇదంతా తేల్చుకోవాల్సింది బసల్లో మంచాలు బుక్ చేసుకోకముందే. జులై, ఆగస్టులకు ఎలిసబెత్తా, బొనాత్తి లాంటి చోట్ల మంచాలు నెలల ముందే నిండిపోతాయి. ఒకసారి తేదీల వరుస పడ్డాక, కూర్మయ్యోర్‌లో పొద్దున్నే ఫెరే మీద నల్లమబ్బు కనబడినా ఆ రోజుకు వెనక్కి తిరిగే వీలుండదు. అప్పుడు ఉండే దగ్గరి దారి 11.6 కిలోమీటర్ల మాంట్ బ్లాంక్ సొరంగం. అందులో సైకిల్ తొక్కనివ్వరు, బస్సులోనే దాటాలి. సైకిల్‌కు బస్సులో చోటు ఉంటుందో లేదో యాత్రకు ముందే అడిగి పెట్టుకోవాలి.